కుక్కకు బొమ్మలేమిటండీ!

మా అబ్బాయి సంసారం నిరుడు ఆస్ట్రేలియాకు తరలిపోతూ మాకు అప్పగించి వెళ్ళిన ఆస్తి ఒక కుక్క, ఒక ట్రంకుపెట్టె. కుక్క వస్తోందని ముందే ఫోనులో చెప్పారు. పెట్టె సంగతి మాత్రం చెప్పలేదు.

మాది వికారాబాదు జిల్లా పూడూరు. 2024 అక్టోబరులో మా దామగుండం అడవిలో నావికాదళం వారి కేంద్రానికి శంకుస్థాపన జరిగినప్పుడు మా పేరు పత్రికల్లో పడింది గాని, అంతకు ముందు "పూడూరా? ఎక్కడండీ అది?" అనేవారే ఎక్కువ. హైద్రాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా, ఇంకా మిగిలివున్న ఆ పెద్ద మర్రిచెట్ల కిందుగా కారు వస్తుంటే, మా కుక్కగారు దారి పొడుగునా తల బయటపెట్టి గాలిని వాసన చూస్తూనే వచ్చారట. దిగగానే నా దగ్గరకు వచ్చి, అరుగు మీది నా చెప్పు ఒకటి నోట కరచుకుని, దాన్ని నాకే బహుమతిగా ఇవ్వబోయింది. అది మా మొదటి పరిచయం.

పెట్టె తెరిచాక మావారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. లోపల రబ్బరు బంతులు, గుడ్డ బాతు, నొక్కితే కీచుమనే కోడిపిల్ల, ముడులు వేసిన తాడు, నైలాను ఎముక, ఎగిరే పళ్ళెం, ఎందుకు పనికివస్తుందో ఎవరికీ తెలియని బోలు రబ్బరు బుడ్డి ఒకటి. లెక్కపెడితే పందొమ్మిది.

"ఇవన్నీ ఎవరికే?" అన్నాను మా మనుమరాలితో.

"బూందీకి, నానమ్మా!"

బూందీ అంటే కుక్క పేరు. లాబ్రడార్ జాతి. అప్పుడే మూకుట్లోంచి తీసినట్టు ఒళ్ళంతా పసుపుపచ్చన. ఎనిమిదేళ్ళు దాటింది గనుక మా వయస్సుకు తగిన మనిషే.

"నా చిన్నప్పుడు నాకున్నయి రెండే బొమ్మలు," అన్నారు మావారు. "ఒకటి బొంగరం. రెండోది నిర్మల్ బొమ్మ. దాన్ని అల్మారల నుంచి దించనిస్తుండె గాదు మా అమ్మ. కుక్కకు పందొమ్మిదా!"

మావారు రెవెన్యూలో పనిచేసి రిటైరయినవారు. ఏ వస్తువునైనా ముందు లెక్కపెట్టి, తరువాత ఆశ్చర్యపడతారు.

అప్పటికే మా ఇంట్లో ఇంకొక కుక్క వుంది. ఇంట్లో అనటం ఎక్కువేమో, గేటు దగ్గర వుంది. కర్రిగాడు. మూడేళ్ళ క్రితం గొర్రెల మంద వెంట వచ్చి, మంద వెళ్ళిపోయినా తాను వెళ్ళకుండా మిగిలిపోయిన నల్లటి నాటుకుక్క. పుట్టిన తరువాత బొమ్మ అనే వస్తువును చూసి ఎరుగడు. న్యాయంగా వుండాలని, పెట్టె వచ్చిన రోజునే గుడ్డ బాతును వాడి ముందు పడేశాను.

పది నిమిషాల్లో మా వాకిట్లో పత్తి మిల్లు వెలిసింది. బాతు పొట్ట చీల్చి, లోపలి దూదిని పిడికెడు పిడికెడుగా లాగి, తుమ్మి, మళ్ళీ లాగి, చివరకు ప్లాస్టిక్ కళ్ళు రెండూ పీకి ఒకటి ఉమ్మేశాడు. రెండోది ఏమయిందో రెండు రోజుల దాకా తెలియలేదు. మూడోనాడు తెలిసింది. ఎట్లా తెలిసిందో చదువరులు ఊహించుకోవచ్చును.

బూందీ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. పందొమ్మిది బొమ్మల్లో దేన్నీ ముట్టుకోదు. కాని మావారి తువ్వాలు, నా చెప్పు, ఆనాటి పత్రిక, ఒకసారి పప్పు గుత్తి — ఏది దొరికితే అది నోట పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. ఒక్క పంటి గాటు వుండదు. పత్రిక మూల మాత్రం కాస్త తడుస్తుంది. ఎవరైనా ఇంటికి వస్తే ఖాళీ నోటితో ఎదురు వెళ్ళటం దానికి మర్యాదగా తోచదు కాబోలు, ఏదో ఒకటి వెతికి తెచ్చుకునేదాకా గుమ్మంలోకి రాదు. చెప్పులు కొరికే కుక్కను వేమన్న పద్యంలోకి ఎక్కించాడు. చెప్పును కొరక్కుండా మోసే కుక్కను ఆయన చూసి వుండడు.

ఈ తేడా ఎందుకో నాకు వెంటనే తెలియలేదు. ముప్ఫయి యేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని గనుక, తెలియనిదాన్ని చదివి తెలుసుకోవాలనే జబ్బు ఇంకా వదల్లేదు. లాబ్రడార్ల పెద్దలు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట తిరిగిన కుక్కలట. అక్కడినుంచి పడవల్లో ఇంగ్లండు చేరాయి. అక్కడి దొరలు వేటాడిన బాతులను నీళ్ళలోంచి, పొదల్లోంచి నలగకుండా నోట పట్టి తెచ్చిపెట్టటం వాటి ఉద్యోగమయింది. 1903లో ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బు వారు దాన్నొక జాతిగా గుర్తించారు. పిట్టను కొరికే కుక్కను పక్కన పెట్టి, మెత్తగా పట్టే కుక్కలకే పిల్లలు పుట్టించుకుంటూ వచ్చారు. ఇప్పుడు మా బూందీకి బాతులూ లేవు, దొరలూ లేరు. నోటికి అలవాటయిన పని మాత్రం మిగిలింది. పూడూరులో ఆ పనికి మావారి తువ్వాలే దొరికింది.

అడవి జంతువు వేటాడేటప్పుడు పనులు వరసగా జరుగుతాయి: వాసన పట్టటం, పొంచి చూడటం, తరమటం, పట్టటం, విదిలించటం, చీల్చటం. మనిషి తన అవసరాన్నిబట్టి ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క ముక్కను పెంచి, తతిమ్మాది తగ్గించాడు. మంద కాసే కుక్కలో పొంచి చూడటం, తరమటం వుంటాయి, చీల్చటం అణిగిపోయింది. కర్ణాటకలో ముధోల్ వేటకుక్క వుంది చూశారూ — 2005లో మన తపాలా శాఖవారు నాలుగు దేశవాళీ కుక్కలకు బిళ్ళలు వేసినప్పుడు అందులో అదీ వుంది — అది కంటితో చూసి తరిమే కుక్క. దూరంగా ఏది కదిలినా పరుగే. మన కొల్లేటి వైపు జోనంగి అనే కుక్క బాతుల మందలను తోలుతుంది. గుంటలు తవ్వటమంటే దానికి మహా సరదా. ఇంగ్లీషు వాళ్ళ టెర్రియర్లు ఎలకను పట్టి విదిలించి చంపటానికి పుట్టాయి, అందుకే గుడ్డ ముక్క దొరికితే మెడ అటూ ఇటూ ఝాడిస్తాయి. మన నాటుకుక్కను ఎవరూ ఏ పనికీ మలచలేదు. వాడిలో అన్నీ వున్నాయి. ఏది ఎక్కువో కుక్కను బట్టి వుంటుంది. మా కర్రిగాడిలో చీల్చటమూ, తవ్వటమూ ఎక్కువ.

ఇదంతా నేను తరువాత తెలుసుకున్నది. ముందే తెలిసివుంటే మాఘమాసపు ఆ సాయంత్రం జరిగేది కాదు.

బూందీ బొమ్మలు ముట్టటం లేదని మావారికి పంతం వచ్చింది. బంతి విసిరితే పరుగెత్తని కుక్క లోకంలో వుంటుందా అని, పెట్టెలోని ఎర్ర బంతిని విసిరారు. మా నేల ఎర్రమన్ను. కుక్క కాస్త దూరం పోయి, బంతి పక్కనుంచే దాటిపోయి, ముక్కు నేలకు పెట్టి సున్నాలు చుట్టింది. మళ్ళీ విసిరారు. మళ్ళీ అంతే.

"దీనికి కండ్లు కనబడ్తలేవే," అన్నారు మావారు జాలిగా.

కళ్ళు బాగానే కనబడతాయి. ఎరుపే కనబడదు. 1989లో కాలిఫోర్నియాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు కుక్కలకు రంగుల పరీక్షలు పెట్టి తేల్చిన విషయమిది. కుక్క కంటికి నీలమూ, పసుపుపచ్చా బాగా తెలుస్తాయి. ఎరుపూ, ఆకుపచ్చా రెండూ ఏదో మట్టిరంగులాగా కలిసిపోతాయి. ఎర్రమన్నులోగాని, పచ్చగడ్డిలోగాని ఎర్ర బంతి విసరటమంటే దానితో దాగుడుమూతలాడటమే. దుకాణాల్లో మాత్రం ఎర్ర బంతులే ఎక్కువ. కొనేది కుక్క కాదు గదా!

ఇది చదివి చెప్పినందుకు నన్ను నేనే నిందించుకోవాలి. మావారు మర్నాడే మన్నెగూడ వెళ్ళి నీలపు రబ్బరు బంతులు అరడజను తెచ్చారు. చిన్నపిల్లలు ఆడుకునేవి. నిమ్మకాయ కంటే పెద్దవి, బత్తాయి కంటే చిన్నవి. పెద్ద బంతి ఒకటి కొనే డబ్బుకు చిన్నవి ఆరు వచ్చాయని లెక్క చూపించారు. నాకూ సబబుగానే తోచింది.

నాలుగు రోజులు అమోఘంగా సాగింది. బూందీకి యవ్వనం తిరిగి వచ్చింది. మావారికీ కొంత వచ్చిందనే చెప్పాలి. అయిదో రోజు సాయంత్రం పక్కింటి పిల్లలు కూడా చేరారు. ఒక పిల్లవాడు బంతిని గాలిలోకి ఎత్తుగా విసిరాడు. బూందీ తలెత్తి, నోరు తెరిచి, గాలిలోనే అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అది తిరిగి రాలేదు. ఉన్నచోటనే నిలబడిపోయింది.

కుక్కకు ఏమైనా అయితే మొరుగుతుందనో, మూలుగుతుందనో అనుకుంటాం. ఏ చప్పుడూ లేదు. అదే నన్ను ఇప్పటికీ రాత్రిళ్ళు లేపుతుంది. ముందుకాళ్ళతో మూతి గీరుకుంటోంది. కళ్ళు పెద్దవయ్యాయి. పొట్ట ఎగిసెగిసి పడుతోంది గాని గాలి లోపలికి పోవటం లేదు. నోరు తెరిచి చూశాను. గొంతు మొదట్లో నీలంగా నిగనిగలాడుతోంది. వేలు పెట్టాను. తడిసిన బంతి, వేలికి పట్టు దొరకదు. లాగుదామని తోస్తే ఇంకా లోపలికి జారింది. ఆ జారటం నా వేలికి తెలిసింది.

మావారు "నీళ్ళు, నీళ్ళు" అంటున్నారు. నీళ్ళెందుకో ఆయనకూ తెలియదు. పిల్లలు ఏడుస్తున్నారు. నాకు మా మనుమరాలి మొహం కనిపించింది. విమానాశ్రయానికి బయలుదేరే ముందు అది నా చేతిలో గొలుసు పెట్టి, "నానమ్మా, నువ్వు వుంటే నాకు భయం లేదు," అంది.

గేటు అవతల గొర్రెలు ఇంటిదారి పట్టిన వేళ. గొర్రెల తాత కేక విని కర్ర పడేసి లోపలికి వచ్చాడు. ఒక్క చూపు చూశాడు.

"పంతులమ్మా, వేలు తియ్యి. లోపలికి తోసుడు గాదు. సారూ, దీన్ని పండబెట్టి మూతి తెరిచి పట్టు. గట్టిగ పట్టు."

బూందీ కాళ్ళు అప్పటికే తడబడుతున్నాయి. పక్కమీదికి వాల్చాం. తాత మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతుల బొటనవేళ్ళూ గొంతు కింద, దవడ ఎముక వెనుక ఆనించి, బయటినుంచే బంతి వెనక్కు తడిమి పట్టుకున్నాడు. అక్కడినుంచి నోటివైపుకు, ముందుకూ పైకీ ఒక్క తోపు తోశాడు. కుంకుడుగింజ వేళ్ళ మధ్యనుంచి జారినట్టు బంతి ఎగిరి మావారి పొట్టకు తగిలింది.

తరువాత వచ్చిన ఆ మొదటి శ్వాస చప్పుడు ఎట్లావుంటుందో నేను రాయలేను.

"గొర్రెపిల్లకు టెంక ఇరుకుతే గిట్లనే తీస్తం," అన్నాడు తాత కర్ర అందుకుంటూ. చాయ తాగి వెళ్ళమన్నా వినలేదు. గొర్రెలు చేలో పడతాయని వెళ్ళిపోయాడు.

బంతి బయటపడింది గదా అని వూరుకోలేదు. అప్పుడే పశువుల డాక్టరుకు చూపించాం. గొంతు లోపల వాపు తరువాత గంటల్లో పెరగవచ్చునట. ఆ రాత్రి కనిపెట్టి చూడమన్నారు. బంతి కుక్క కోరపళ్ళను దాటి వెనక్కు పోరానంత పెద్దదిగా వుండాలని, ఇంట్లో రెండు కుక్కలుంటే పెద్ద నోటికి కొలత తీసుకోవాలని అప్పుడు చెప్పారు. ఇంత చిన్న మాట. మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ట్రంకుపెట్టె ముందు వేసుకుని కూర్చున్నాను. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కొక్క బొమ్మనూ చేతిలోకి తీసుకుని చూశాను. మావారు మిగిలిన అయిదు బంతులూ ఎప్పుడో చెత్తలో వేసి వచ్చి, మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు.

నైలాను ఎముకను గోటితో నొక్కితే సొట్ట పడలేదు. గోటికి లొంగనిది పంటికీ లొంగదు. గట్టిగా నమిలే కుక్కకు పైదవడ పక్కపళ్ళలో పెద్దది పెచ్చుగా చిట్లుతుంది. అది పోయింది. వండిన ఎముకలు సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటాయి గనుక అవి మా ఇంట్లో ఎప్పుడూ లేవు. ముడుల తాడు పోగులు వూడివున్నది. మింగిన ఒక్క పొడుగు పోగు పేగును ముడతలు ముడతలుగా గుంజేస్తుందట. ఆపరేషను దాకా వస్తుంది. అదీ పోయింది. టెన్నిసు బంతి పైనున్న నూగు ఆకురాయిలాంటిది, రోజూ నమిలితే పళ్ళు అరుగుతాయి. కీచుమనే కోడిపిల్లను చూసుకుంటే, ఆ చప్పుడు పట్టుబడ్డ చిన్న ప్రాణి అరుపును తలపించి కుక్కను రెచ్చగొడుతుంది. చీల్చే కుక్క ఆ కూతబిళ్ళ దొరికేదాకా వదలదు, దొరికాక మింగుతుంది. కోడిపిల్ల అప్పటికే వారం రోజులుగా మాయమై వుంది. మధ్యాహ్నం నిద్ర పాడవుతోందని మావారే దాన్ని మేడమీద సన్‌షేడు పైకి విసిరినట్టు ఆ రాత్రి ఒప్పుకున్నారు.

పందొమ్మిదిలో మిగిలినవి ఆరు.

ఆరింటిలో ఏది ఎవరికి? దీనికి జవాబు కూడా గొర్రెల తాత దగ్గరే దొరికింది. రెండు రోజుల తరువాత చాయకు కూర్చోబెట్టాను. మంద వెంట ఏ కుక్కపిల్లను తీసుకుపోవాలో నీకెట్లా తెలుస్తుందని అడిగాను.

"ఏం తెలుసుడమ్మా! ఏమియ్యకముందు అదేమాడుతదో జూస్త. ఒకటి ఉరుకుతది. ఒకటి తవ్వుతది. ఒకటి మనిషి కాళ్ళ కాడనే వుంటది. దేన్నేం చెయ్యమన్నా అది అదే చేస్తది."

వారం రోజులు నోటుపుస్తకం పెట్టుకుని చూశాను. బొమ్మలన్నీ లోపల పెట్టేశాను. కర్రిగాడు: పొద్దున జామచెట్టు కింద గుంట, పదింటికి సిమెంటు సంచీ చింపటం, సాయంత్రం పక్కింటి కోళ్ళను పొంచి చూడటం, తరమటం, తిట్లు తినటం. బూందీ: తువ్వాలు మోత. చెప్పు మోత. మోసి ఎవరికైనా ఇవ్వటం. తీసుకున్నవాళ్ళు "శభాష్" అంటే మళ్ళీ ఇంకోటి. ఎవరూ తీసుకోకపోతే దాన్ని గడ్డం కింద పెట్టుకుని పడుకోవటం. పరుగు మీద దానికి అసలు మోజు లేదు. ఆ నాలుగు రోజులూ అది పరుగెత్తింది బంతి కోసం కాదు, తెచ్చి మావారి చేతిలో పెట్టటం కోసం. పైగా ఎనిమిదేళ్ళు దాటిన బరువైన కుక్కను ఎగిరి దూకించటం తుంటి కీళ్ళకు మంచిది కాదట. పెట్టెలోని బొమ్మలు చాలావరకు దాని చిన్ననాటివి. మా మనుమరాలు పుట్టినరోజు పుట్టినరోజుకూ తన కంటికి నచ్చినవి కొంటూ పోయింది. పొట్టి అయిపోయిన గౌన్లు దాచుకున్నట్టు దాచారు.

కర్రిగాడికి నేను బొమ్మ కొనలేదు. కిరాణా కొట్టునుంచి అట్టపెట్టెలు తెస్తాను. పిన్నులూ, అంటించిన టేపూ తీసేసి, లోపల జొన్నరొట్టె ముక్కలు వేసి, పెట్టెలో పెట్టె పెట్టి మూస్తాను. చించటమే పని, రొట్టె కూలి. అట్ట తినటం మొదలుపెడితే మాత్రం తీసేస్తాను. పెరడులో ఒక మూల ఇసుక పోయించి, అందులో రబ్బరు బొమ్మ పాతిపెడతాను. ఆ రోజునుంచి జామచెట్టు వేళ్ళు బ్రతికిపోయాయి. కోళ్ళ విషయంలో మాత్రం ఇంకా ఏమీ సాధించలేదు.

బోలు రబ్బరు బుడ్డి సంగతి చెప్పాలి. మావారు దాన్ని కుళాయి సామాను అనుకుని పనిముట్ల డబ్బాలో వేశారు. దాని కథ చదివితే ఆయన పొరపాటు పొరపాటే కాదనిపించింది. 1970ల్లో అమెరికాలోని కొలరాడోలో జో మార్క్‌హమ్ అనే ఆయనకు ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ వుండేదట. రాళ్ళు నమిలి పళ్ళు అరగగొట్టుకునేది. ఆయన వోక్స్‌వాగన్ బండి బాగు చేసుకుంటూ సామాన్లు అటూ ఇటూ విసిరేస్తుంటే, కుక్క రాళ్ళు మాని అందులోని ఒక రబ్బరు ముక్కను పట్టుకుని వదల్లేదు. దాన్ని చూసి ఆయన తయారు చేసిందే కాంగ్ అనే ఈ బుడ్డి. అంటే, నమిలే కుక్క తనకు కావలసినదాన్ని తానే ఏరుకుంది.

దానిలో పెరుగన్నం కూరి ఫ్రిజ్జులో గడ్డకట్టించి ఇస్తే, మా వేసవి మధ్యాహ్నంలో కర్రిగాడు గంటసేపు తపస్సు చేస్తాడు. ఉల్లిపాయా, ద్రాక్షా, కిస్‌మిస్సూ, చాక్లెట్టూ కుక్కలకు విషం. పోపు వేసిన దద్ధోజనం పెట్టకండి. ఒక పొరపాటు నేను చేశాను. మొదటిసారి బుడ్డిని బూందీ ముందే ఇచ్చాను. జన్మలో తనదంటూ ఏమీ లేని కుక్క వాడు. దొరికినదాన్ని ఎవరో లాక్కుంటారన్న భయం పోదు. బూందీ మర్యాదగా పలకరించబోతే పళ్ళు చూపించాడు. ఇప్పుడు వాడికి పెరట్లో, దానికి వరండాలో. మధ్య తలుపు వేస్తాం.

బూందీకి పాత జంపఖానా ముక్క మందంగా చుట్టి, ముంజేతి పొడవున కుట్టించాను. గుండీలు లేవు, పూసలు లేవు, లోపల దూది లేదు. నెలకొకసారి కుట్లు చూసుకుంటాను. ఇంటికి ఎవరు వచ్చినా ఆ చుట్ట వాళ్ళ ఒడిలో పెడుతుంది. కరెంటు బిల్లు ఇవ్వటానికి వచ్చే అబ్బాయికి మొదట్లో అర్థం కాలేదు. ఇప్పుడు అతనే బిల్లు దాని నోటికి ఇస్తాడు. వాన రోజుల్లో మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద రొట్టె ముక్క పెడితే ముక్కుతో వెతుక్కుంటుంది. కాళ్ళు నొప్పులున్న కుక్కకు ముక్కు నొప్పి వుండదు గదా. మిగిలిన బొమ్మల్లో రెండే పైన వుంచి, తతిమ్మావి దాచి వారానికోసారి మారుస్తాను. కుక్కకు కూడా చూసిందే చూస్తే విసుగు.

ఇక మిగిలింది మా మనుమరాలు. ప్రతి ఆదివారమూ ఫోనులో బొమ్మ కనిపించేట్టు మాట్లాడుతుంది. బంతి సంగతి నేను చెప్పలేదు. ఒక ఆదివారం కాదు, ఆరు ఆదివారాలు. "గుడ్డ బాతు ఏది నానమ్మా?" అంటే "ఉతికి ఆరేశాను" అన్నాను. పిల్లలు అబద్ధం చెబితే బెంచీ ఎక్కించినదాన్ని.

ఏడో ఆదివారం అది, "తాతయ్యా, బంతి వెయ్యండి చూస్తాను," అంది. మావారు నా మొహం చూశారు. చెప్పేశాను. బంతీ, నా వేలూ, తాతా, అన్నీ. అవతల పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. కోపం వచ్చిందో, ఏడుస్తోందో తెర మసగ్గా వుండి తెలియలేదు.

"ఇప్పుడేం చేస్తోంది?" అంది చివరకు.

గొంతు వినగానే బూందీ లేచి లోపలికి వెళ్ళింది. చుట్ట తెస్తుందనుకున్నాను. అది తెచ్చింది వేరేది. ట్రంకుపెట్టె అడుగున ఒక మూల నలిగి పడివున్న మేజోడు, స్కూలుకు వేసుకునే తెల్లటిది, మడమ దగ్గర చిరిగినది. నేను బొమ్మలు దిద్దిన రాత్రి అది నాకు బొమ్మగా కనిపించలేదు, అందుకే లెక్కలోకి రాలేదు. దాన్ని ఎప్పుడు తీసుకుందో, ఎక్కడ దాచుకుందో తెలియదు. ఒక్క పోగు చెదరలేదు.

తెచ్చి ఫోను మీద పెట్టింది. పెట్టి, తోక వూపుతూ ఎదురు చూస్తోంది.

"నానమ్మా, ఏం కనబడ్తలేదు! అంతా తెల్లగుంది!"

"ఉండవే. నీ మేజోడు నిన్ను తీసుకోమంటోంది."

తీసుకుని, మళ్ళీ దాని నోటికి ఇచ్చాను. మింగే కుక్కకయితే మేజోడు చాలా ప్రమాదం, రాత్రికి తీసి దాచాలి అనుకుంటూండగా, లోపలినుంచి స్నానానికి బయలుదేరిన మావారి కేక వినిపించింది.

"నా తువ్వాలేదే?"